అంబాసిడర్ కింద అంబాసిడర్: కమాన్లు, డిఫరెన్షియల్, టార్షన్ బార్లు మార్పించిన నా అనుభవం

మా ఇంట్లో ఉన్నది 1972 నాటి అంబాసిడర్, మార్క్ టూ. నాన్నగారు కొన్న బండి. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ ఒకటిన, కాబట్టి మా బండి పాత కాగితాల మీద విశాఖపట్నం జిల్లా ముద్రే ఉంటుంది. దాని కింది సామాన్లు కొన్నిటిని 1990ల నాటి ఇంకో అంబాసిడర్ నుంచి తీసి వేయించాను. వెనక కమాన్ కట్టలు (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు), డిఫరెన్షియల్ (ఇంజన్ తిరుగుడుని వెనక చక్రాలకి పంచే పళ్ళ చక్రాల కట్ట), ముందు టార్షన్ బార్లు (స్ప్రింగు పని చేసే ఉక్కు కడ్డీలు), కింగ్‌పిన్ సెట్లు (ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసులు). ఎక్కడా కోయలేదు, ఎక్కడా వెల్డింగ్ పెట్టలేదు, బాడీకి కొత్త బెజ్జం ఒక్కటి కూడా వేయలేదు. రేపు పాత సామాను మళ్ళీ వేయాలన్నా స్పానర్లు చాలు. ఈ పద్ధతి మీద నాకు గట్టి పట్టుదల ఉంది. ఎందుకో చెబుతూ, పని ఎలా జరిగిందో రాస్తున్నాను.

ముందు బండి పరిస్థితి చెప్పాలి. వెనక ఎడమ కమాను కూర్చుండిపోయి బండి ఒక పక్కకి ఒరిగింది. డిఫరెన్షియల్‌లో కూత మొదలైంది. యాక్సిలరేటర్ నొక్కితే ఒక రకం, వదిలితే ఇంకో రకం. ముందు కింగ్‌పిన్‌లు అరిగి, చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమని ఆడేవి. ఇవన్నీ సరే, నన్ను భయపెట్టింది మాత్రం ఎడమ టార్షన్ బారు. వైర్ బ్రష్‌తో మట్టి గోకితే నడిమి భాగంలో తుప్పు తిన్న గుంటలు బయటపడ్డాయి. మెలి తిరుగుతూ మోసే ఉక్కు కడ్డీ అది. దాని మీద చిన్న గీతైనా, గుంటైనా పగులు పుట్టేది అక్కడే. వెళ్తూ వెళ్తూ విరిగితే ఆ మూల బండి నేల మీద కూర్చుంటుంది.

ఇప్పుడు కొత్త సామాను దొరకదా అంటే, కొన్ని దొరుకుతాయి. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బుష్షులు, బ్రేకు సామాను, రబ్బర్లు ఇంకా కొట్లలో ఉన్నాయి. మంచి టార్షన్ బారు, కూత లేని క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి పెద్ద, చిన్న పళ్ళ చక్రాల జత) కావాలంటే మాత్రం ఇంకో బండి వెతుక్కోవాల్సిందే.

ఈ వెతుకులాటలో చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. ఒక షెడ్డు వాళ్ళైతే వెనక జీపు యాక్సిల్ ఎక్కించేద్దాం, ముందు ఏదో వ్యాన్ సామాను పెట్టేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. యాక్సిల్ వెడల్పు మారితే చక్రం ఫెండర్‌కి తగులుతుంది, లేదంటే లోపల కమానుకి ఒరుస్తుంది. యాక్సిల్ గొట్టం మీద కమాను కూర్చునే పీట వేరే చోట ఉంటుంది, అది కోసి మళ్ళీ అతకాలి. అతికేటప్పుడు పీట కోణం రెండు డిగ్రీలు తేడా వచ్చినా గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు కొట్టుకుంటాయి, బండి ఒక వేగం దగ్గర వణుకుతుంది. చక్రాల నట్టు బోల్టుల దూరాలు వేరు, హ్యాండ్‌బ్రేక్ తీగ వేరు. ఇన్ని సరిచేశాక మిగిలేది అంబాసిడర్ కాదు. పైగా అంబాసిడర్‌కి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. కింద ఒక చోట కోస్తే బలం తగ్గేది మొత్తం బండికి.

ఒకే కుటుంబం బండ్ల మధ్య మార్పిడి సంగతి వేరు. అంబాసిడర్ మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ల మీద గట్టి యాక్సిల్, ర్యాక్ స్టీరింగ్. ఈ ఏర్పాటు మన దగ్గర దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. ఇంగ్లండులో మోరిస్ మైనర్ వాళ్ళు కూడా ఇదే దారిలో నడిచారు. 1957లో వచ్చిన రైలీ 1.5, వూల్సీ 1500 బండ్లు మైనర్ కింది భాగం మీద కట్టినవే. అందుకే రైలీ పెద్ద బ్రేకు డ్రమ్ములు మైనర్‌కి వేసుకోవడం అక్కడ పాత అలవాటు. చుట్టరికం చూసుకుని సామాను తెచ్చుకోవడమే కిటుకు.

మా మేస్త్రి విజయనగరం గంటస్తంభానికి కాస్త దూరంలో చిన్న షెడ్డు నడుపుతారు. ఒకప్పుడు టాక్సీ అంబాసిడర్ల మీదే చేయి తిరిగిన మనిషి. విషయం చెబితే ఒకటే మాట అన్నారు.

"మాస్టారూ, కోసీది ఉంటే నాకాడికి తేవొద్దు. ఇప్పీసి బిగించీది అయితే ఎన్ని దినాలైనా సేత్తాను."

నాకు కావాల్సిందీ అదే.

బండి శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో దొరికింది. డీజిల్ నోవా, అంబాసిడర్‌లోనే తరవాతి రకం. చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి నిలిచిపోయింది. పైభాగం పూర్తిగా పోయింది, డోర్ల అడుగున చేయి దూరేంత తుప్పు. కింద మాత్రం ఇంజన్ కారిన నూనె, మట్టి కలిసి గట్టిపడి ఇనుముని కాపాడాయి. యజమాని వయసు మళ్ళిన టాక్సీ డ్రైవరు.

"తుక్కోడు తూకానికి అడిగినాడు బాబూ. మనసొప్పలేదు. ఇంకో బండి కిందకెల్తాదంటే పట్టికెల్లండి," అన్నారు.

"బాబాయ్, ముందు కింద దూరి ఓసారి లెక్క చూసుకోనియ్యి. తరవాత ధర మాటాడుకుందాం," అన్నాను.

ఆ లెక్క గురించి వివరంగా చెప్పాలి. డిఫరెన్షియల్ కొనేవాళ్ళు చాలామంది చేయని పని ఇదే. బయటికి ఒకేలా కనిపించే డిఫరెన్షియల్‌లో లోపలి పళ్ళ నిష్పత్తి వేరుగా ఉండొచ్చు. టాక్సీ బతుకులో ఎవరు ఎప్పుడు ఏది మార్చారో కాగితాల మీద ఉండదు. విప్పకుండానే తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, బాడీ కింద స్టాండు పెట్టాలి. రెండోది నేల మీదే ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో ఒక గీత, లేచిన చక్రం టైరు మీద ఒక గీత. ఒకరు చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి, ఇంకొకరు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితే లోపల క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అప్పుడు షాఫ్ట్ తిరిగిన చుట్లే నిష్పత్తి.

మా బండికి ఇంటి దగ్గర ముందే చూసుకున్నాను. నాలుగు చుట్లు తిరిగి, అయిదోది పూర్తి కావడానికి కొద్దిగా ముందు ఆగింది. అంటే 4.875. పినియన్‌కి 8 పళ్ళు, క్రౌన్‌కి 39. నరసన్నపేట బండికి నాలుగు చుట్లు తిరిగి సగం దాటి ఒక్క రవ్వ ముందుకెళ్ళి ఆగింది. 9 పళ్ళ పినియన్, 41 పళ్ళ క్రౌన్, అంటే 4.55. తరవాత విప్పి పళ్ళు లెక్కపెట్టినప్పుడు రెండూ అలాగే తేలాయి.

ఈ తేడా మన నడకలో ఏం చేస్తుందంటే, అదే వేగానికి ఇంజన్ తిరుగుడు దాదాపు ఆరున్నర శాతం తగ్గుతుంది. నేను ఎక్కువగా తిరిగేది నాతవలస దాకా వెళ్ళి హైవే ఎక్కి అటు శ్రీకాకుళం, ఇటు విశాఖపట్నం. ఆ రోడ్డు మీద పాత బండి గంటకి 70 దాటితే ఇంజన్ అరుపు మాటల్ని మింగేసేది. అందుకే 4.55 నాకు నచ్చింది. కానీ ఇదే ఆరున్నర శాతం ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడులో పోతుంది. సాలూరులోనో, పార్వతీపురం పైన కొండ ఊళ్ళలోనో ఉండేవాళ్ళు, నిండా జనంతో తిరిగేవాళ్ళు 4.875నే ఉంచుకోవాలని నా అభిప్రాయం. ఎవరో వేశారని వేసుకునే సామాను కాదిది.

ధర కుదిరాక ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయించే పని బాబాయ్‌తో కలిసి చూశాను. ఇక రోడ్డెక్కని బండి సంగతి యజమాని 14 రోజుల్లోపు లేదా వీలైనంత త్వరగా రవాణా శాఖకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. సామాను ఊడదీసుకుని మిగిలిన డొల్లని అలా వదిలేస్తే, దాని నంబరు రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. ఈ ఒక్క పని పూర్తయ్యేదాకా నేను ఒక్క బోల్టు కూడా విప్పనివ్వలేదు.

కమాన్లు సాలూరు తీసుకెళ్ళాం. సాలూరు అంటే లారీల ఊరు, కమాన్ పని తెలిసిన చేతులు అక్కడ ఉన్నాయి. నోవా కమాన్లకి ఒక పట్టీ ఎక్కువ ఉంది. టాక్సీ బరువుకి తట్టుకోవాలని ఎవరో చేర్చారు. అది ఉంచితే మా ఇంటి వాడకానికి బండి గట్టిగా ఎగిరెగిరి పడుతుంది. అందుకని తీసేయించాను. పట్టీలన్నీ విడదీసి, ఒక్కొక్కటి కిరోసిన్‌తో కడిగి, వెలుతురుకి పెట్టి పగులు ఉందేమో చూశారు. ముఖ్యంగా నడుమ సెంటర్ బోల్టు బెజ్జం చుట్టూ. కమాను పట్టీ విరిగేది ఎక్కువగా అక్కడే.

ఇక వంపు సరిచేయడం. కమ్మరి మేస్త్రి వయసులో చిన్నవాడే గాని పనిలో తొందర లేదు. పట్టీని కొలిమిలో పెట్టకుండా చల్లగానే దాగలి మీద ఆనించి, కొస నుంచి కొసకి సుత్తితో దగ్గర దగ్గరగా కొట్టుకుంటూ పోయాడు. ఒక్క దెబ్బ గట్టిగా, ఒక్క దెబ్బ మెల్లగా ఉండదు, అన్నీ ఒకే బరువు. ప్రతి వరసా అయ్యాక దాని కింది పట్టీ మీద పెట్టి సందు చూసేవాడు. ఎర్రగా కాల్చి వంచితే పని సులువు, కానీ ఉక్కు పదును పోతుంది. మళ్ళీ సరిగ్గా పదును పెట్టకపోతే కొన్నాళ్ళకే కమాను కూర్చుండిపోతుంది. కట్ట కట్టాక నేల మీద బోర్లించి, రెండు కళ్ళ మధ్య దారం లాగి, నడిమి నుంచి దారానికి ఎత్తు టేపుతో కొలిచాం. రెండు కట్టలకీ ఒకే ఎత్తు వచ్చేదాకా మళ్ళీ విప్పి కొట్టాడు. నేను అడక్కుండానే. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాసి, కొత్త సెంటర్ బోల్టులు వేశాం. ఆ బోల్టు తలే యాక్సిల్ పీటలో కూర్చుని యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపుతుంది. పాతది మళ్ళీ వాడకూడదు.

వెనక పని షెడ్డులో తేలిగ్గానే సాగింది. యాక్సిల్ కేసింగ్ మా బండిదే ఉంచాం, డిఫరెన్షియల్ మాత్రమే మార్చాం. హబ్బుల వైపు నుంచి రెండు యాక్సిల్ షాఫ్టులూ బయటికి లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజి విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ముందు వైపు నుంచి చేతుల్లోకి వస్తుంది. బరువుంటుంది, కింద ఒక మనిషి, పక్కన ఒక మనిషి ఉండాలి. మేం క్రౌన్ పినియన్ని విడదీయలేదు. నోవా దాంట్లో ఎలా కలిసి అరిగాయో అలాగే మొత్తం కట్టగా ఎక్కించాం. క్రౌన్ ఒక బండిది, పినియన్ ఒక బండిది కలిపితే కూత తప్పదు. పళ్ళ మధ్య వదులు కూడా కదపలేదు. ఎక్కించే ముందు పళ్ళ మీద రంగు రాసి చేత్తో తిప్పి, ముద్ర పంటి నడిమిన పడుతోందని చూసుకున్నాం. ఫ్లాంజి బెజ్జాలు రెండు బండ్లవీ కుదిరాయి. కొత్త గ్యాస్కెట్టు, కొత్త పినియన్ సీలు, ఇ.పి. 90 గేరాయిలు. అంతే.

వెనక షాకబ్జార్బర్లు నోవావి గొట్టం రకం, మా పాతవి లివర్ రకం. గొట్టం రకానికి కింది కొస పట్టుకునే బ్రాకెట్టు, యాక్సిల్ని కమానుకి బిగించే యు బోల్టు ప్లేటుకే ఉంది, అందుకని మొదట ప్లేట్లు నోవావే వేశాం. పైకొసకి బాడీలో ఆధారం కోసం బెజ్జం వేయాల్సి వస్తుందని తేలగానే ఆ ఆలోచన మానేశాను. లివర్ షాకబ్జార్బర్లనే విప్పి, కడిగి, సీళ్ళు మార్చి, కొత్త ఆయిలు పోసి పెట్టాం. లింకు తగిలించడానికి మళ్ళీ పాత ప్లేట్లే ఎక్కించాం. లివర్ షాకబ్జార్బర్ పనికిరాదని చాలామంది అనేస్తారు. ఆయిలు ఎండిపోయిన షాకబ్జార్బర్ ఏ రకమైనా పనికిరాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. రబ్బరు బుష్షులున్న కమాను పిన్నులు, షాకిల్ బోల్టులు బండి గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. వేలికి బిగించి వదిలి, చక్రాలు వేసి, బండి బరువు కమాన్ల మీద పడ్డాక కింద దూరి బిగించాలి. గాల్లో బిగిస్తే బండి దిగగానే బుష్షు మెలిపడి ఉండిపోతుంది, నెలల్లోనే చిరుగుతుంది. యు బోల్టులు కూడా కొన్ని కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాం. ప్రతి నట్టూ ఇంకో పావు చుట్టు తీసుకుంది.

అసలు కష్టం ముందు భాగంలో.

అంబాసిడర్ ముందు చక్రాన్ని మోసేది కాయిల్ స్ప్రింగు కాదు. కింది ఆర్మ్ నుంచి వెనక్కి, బాడీ కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్ దాకా సాగే పొడవాటి ఉక్కు కడ్డీ. దాని వెనక కొస లివర్‌లో కదలకుండా ఉంటుంది, ముందు కొస చక్రంతో పాటు మెలి తిరుగుతుంది. బండి నిలబడి ఉన్నా ఆ కడ్డీ మెలిపడే ఉంటుంది. అందులో దాగి ఉన్న బలం చేతులు విరగ్గొట్టగలదు. అందుకే మొదట నోవా దగ్గరే మేస్త్రి నన్ను పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపిస్తూ చేశారు.

"సూడండి మాస్టారూ, ముందు ఈ కింద ఆరమ్ముకి జాకీ పెట్టీయాల. పెట్టీకే పైది ఒదిలీయాల. జాకీ దించీటప్పుడు మొహం ఇటు పెట్టొద్దు."

బాడీని రెండు స్టాండ్ల మీద నిలిపారు. కింది ఆర్మ్‌కి జాకీ ఆనించి కొద్దిగా పైకెత్తారు. ఇందులో షాకబ్జార్బర్ చేయే పై ఆర్మ్ పని చేస్తుంది, దాన్ని కింగ్‌పిన్ పై లింకు నుంచి విడదీశారు. అప్పుడు జాకీ మెల్లమెల్లగా దింపారు. ఆర్మ్ కిందికి వస్తూ వస్తూ, ఒకచోట జాకీని వదిలి అలాగే వేలాడింది. అక్కడికి కడ్డీలో మెలి అయిపోయినట్టు. ఆ తరవాతే వెనక లివర్ బోల్టులు విప్పారు. తుప్పుకి స్ప్లైన్ పళ్ళు (బారు కొసన చెక్కిన పళ్ళు) పట్టేశాయి. నూనె పోసి ఒక రాత్రి వదిలేసి, మర్నాడు ఇత్తడి కడ్డీ ఆనించి లివర్ని కొట్టి జరిపారు. బారు మీద పైపు రెంచి పెట్టనివ్వలేదు. ఆ పళ్ళు చేసే గాటు చాలు, మళ్ళీ మనం తుప్పు గుంటల బారు దగ్గరికే వస్తాం.

తీసీ తీయకముందే ఎడమ బారుకి ఎర్ర రిబ్బను, కుడి బారుకి తెల్ల రిబ్బను కట్టాను. ఇది చాలా ముఖ్యం. చూడ్డానికి రెండూ ఒకటే. కాని ఏళ్ళ తరబడి ఒకటి ఒక దిక్కుకి, రెండోది వ్యతిరేక దిక్కుకి మెలి తిరిగి ఉంటాయి. ఎడమది కుడికి వేస్తే ఉక్కుని అలవాటు లేని దిక్కుకి మెలిపెట్టినట్టు అవుతుంది, కూర్చుండిపోవచ్చు, విరగవచ్చు కూడా. కొస మీద గుర్తు ఉంటుంది గానీ పాత బార్లకి అది అరిగిపోయో, తుప్పులో కలిసిపోయో ఉంటుంది. తుక్కు దుకాణంలో విడిగా పడి ఉన్న బారు కొనవద్దని చెప్పేది అందుకే. బండికి ఉండగా చూసి, ఏ పక్కదో రాసుకుని తీసిందే కొనాలి.

రెండు బండ్ల బార్లూ పక్కపక్కన పెట్టి పొడవు టేపుతో, లావు వెర్నియర్‌తో కొలిచాను, కొసల పళ్ళు లెక్కపెట్టాను. అన్నీ కుదిరాకే సానపేపరుతో మెల్లగా శుభ్రం చేసి, ప్రైమరు, నల్ల రంగు వేయించాను.

ఎక్కించే ముందు చేసిన కొలత ఒకటి ఉంది, దాని విలువ తరవాత తెలిసింది. మా బండిని విప్పకముందే చదునైన నేల మీద, టైర్లలో గాలి సమానంగా పెట్టి, హబ్బు నడుమ నుంచి ఫెండరు అంచుకి రెండు పక్కలా ఎత్తు కొలిచి రాసి పెట్టుకున్నాను. బారుని స్ప్లైన్‌లో ఒక పన్ను అటో ఇటో జరిపితే బండి ఎత్తు మారిపోతుంది. మొదట బిగించి దింపితే కుడి పక్క ఎత్తుగా నిలిచింది. మేస్త్రి తొందరపడలేదు. వెంటనే కొలిచింది లెక్కలోకి రాదు, బుష్షులు కుదురుకోవాలి అని బండిని బాలాజీ జంక్షన్ దాకా తిప్పుకొచ్చి మళ్ళీ కొలిచారు. అప్పటికీ తేడా ఉంది. మళ్ళీ జాకీ, మళ్ళీ పైది వదలడం, మళ్ళీ లివర్ తీసి ఒక పన్ను జరపడం. ఈసారి రెండు పక్కలా సమానం. పొద్దుపోయింది, షెడ్డులో ట్యూబులైటు వెలుగులో టేపు పట్టుకుని ఇద్దరం ఒకే అంకె చదివినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా అలాగే ఉంది.

కింగ్‌పిన్‌ల గురించి కొంత. వాటి పైకొస, కిందికొస మరలున్న లింకుల్లో తిరుగుతాయి. ఆ మరల్లో గ్రీజు లేకపోతే ఇనుము ఇనుముని తింటుంది. మర పూర్తిగా అరిగితే లింకు ఊడి చక్రం పక్కకి పడిపోతుంది. పాత మోరిస్ బండ్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. నోవా కింగ్‌పిన్‌లు మావాటికంటే నయంగా ఉన్నాయి, లింకులు మాత్రం కొత్తవి కొన్నాను. ఎడమవీ కుడివీ వేరు వేరు సంచుల్లో పెట్టాం, కలపలేదు. ఇప్పుడు 1500 కిలోమీటర్లకోసారి గ్రీజు గన్ను పట్టుకుని నేనే కింద దూరుతాను. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, దాని వెనక కొత్తది కనబడేదాకా కొడతాను. ముందు పని అయ్యాక టో-ఇన్ (ముందు చక్రాలు ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉండే కొలత) సరిచూపించడం ఎలాగూ తప్పదు.

బ్రేకుల దగ్గర ఆశపడ్డ మాట నిజం. తరవాతి అంబాసిడర్ల ముందు డిస్కు బ్రేకులు తెచ్చి వేసుకుందామా అని. కాని డిస్కులకి పెడల్ మీద ఎక్కువ బలం కావాలి, అంటే ఆ బలాన్ని పెంచే సర్వో కావాలి. దానికి తగ్గ మాస్టర్ సిలిండరు కావాలి, వెనక డ్రమ్ములతో తూకం కుదరాలి. ఒక్కటి పెట్టి మిగతావి పెట్టకపోతే బ్రేకు మెరుగవదు, పాడవుతుంది. డ్రమ్ములే ఉంచి, వాటిని లేతులో సరిచేయించి, కొత్త లైనింగు, కొత్త వీల్ సిలిండర్లు వేశాం. పైపుల జాయింట్ల దగ్గర మాత్రం ప్రతి నట్టూ నేనే చూశాను. పాత బండిది అంగుళాల మర, తరవాత ఎవరైనా మార్చిన పైపుకి మిల్లీమీటర్ల మర ఉండొచ్చు. 3/8 అంగుళం మరా, పది మిల్లీమీటర్ల సన్న మరా కంటికి కవలలే. ఒకటి రెండోదాంట్లో రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా. బిగిసిందనుకుంటాం, గట్టిగా బ్రేకు తొక్కిన రోజున ఊడుతుంది. చేత్తో చివరిదాకా సాఫీగా ఎక్కని నట్టుని స్పానరుతో ఎక్కించవద్దు.

డిఫరెన్షియల్ మారితే స్పీడోమీటరు కూడా మారుతుందని చాలామందికి తట్టదు. దాని తీగ గేరుబాక్సు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. అందుకని ఇప్పుడు మా బండి ముల్లు 60 చూపిస్తే నిజానికి 64 మీద ఉన్నాం. ఫోన్‌లో చూసి సరిపోల్చాను, లెక్క కుదిరింది. కిలోమీటర్ల మీటరు కూడా అంతే తక్కువ చూపిస్తుంది. మైలేజీ లెక్కేసుకునేటప్పుడు ఏడు శాతం కలుపుకుంటాను. మీటరు పక్కన చిన్న కాగితం అంటించాను, మా అబ్బాయి నడిపినా తెలియాలని.

పరీక్షకి సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కించాం. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళ్ళే ఇరవై ఆరో నంబరు జాతీయ రహదారే కొరాపుట్ వైపు ఆ కొండ ఎక్కుతుంది. మేస్త్రి పక్కన కూర్చున్నారు, వెనక ఇద్దరు కుర్రాళ్ళు. సాలూరు దాకా బండి నిశ్శబ్దంగా నడిచింది, కూత లేదు. ఘాటీలో పాత బండి మూడో గేరులో ఎక్కే చోట్ల కొన్నిటిలో ఇప్పుడు రెండుకి దించాల్సి వచ్చింది. ఊహించిందే. మలుపుల్లో వెనక భాగం ఒరగడం బాగా తగ్గింది, గతుకు మీద ఒక్కసారి లేచి కుదురుకుంటోంది, మళ్ళీ మళ్ళీ ఊగడం లేదు. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి బ్రేకులు విడిచి విడిచి తొక్కాను. కిందికి వచ్చాక నాలుగు హబ్బుల దగ్గరా చేయి పెట్టి చూశాం. వేడి అన్నిటికీ సమానం, డిఫరెన్షియల్ కేసింగు గోరువెచ్చన. మేస్త్రి బండి కిందకి వంగి సీలు దగ్గర వేలు రాసి చూసి, పొడిగా ఉందని తలూపారు.

కాగితాల సంగతి అడిగేవాళ్ళ కోసం. తయారీదారు ఇచ్చిన వివరాలకీ, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది. మేం ఇంజన్ ముట్టుకోలేదు, బాడీ కోయలేదు, చాసిస్ నంబరు దగ్గరికే పోలేదు. ఫిట్‌నెస్ చూసే అధికారికి ఏం మార్చామో నేనే చెప్పాను. కింద చూసి, బ్రేకులు, లైట్లు పరీక్షించి రెన్యువల్ ఇచ్చారు.

ఇంకో విషయం, 50 ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో వింటేజి రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. నంబరు ప్లేటు మీద వి, ఎ అనే రెండు అక్షరాలు వస్తాయి. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. దానికి చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. కాని ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు లాంటి కొన్ని పనులకే. నేను బండిని తిరగడానికి ఉంచుకున్నాను కాబట్టి మామూలు రిజిస్ట్రేషన్నే అయిదేళ్ళకోసారి పొడిగించుకుంటున్నాను. రేపెప్పుడైనా మనసు మారితే, కోత లేని బండి కాబట్టి ఆ దారి తెరిచే ఉంది.

మా పాత 4.875 డిఫరెన్షియల్, లివర్లు, కుడి టార్షన్ బారు నూనె రాసి, గోనెలో చుట్టి, ఏ పక్కవో చీటీ కట్టి అటక మీద పెట్టాను. గుంటలు పడ్డ ఎడమ బారు మాత్రం ఎవరూ మళ్ళీ వాడకుండా నడిమికి కోయించి తుక్కుకి వేశాను. నోవా నుంచి తెచ్చిన గొట్టం షాకబ్జార్బర్ల ప్లేట్లు, ఒక జత హబ్బులు మిగిలాయి. ఈ చుట్టుపక్కల ఎవరైనా కొత్త రకం అంబాసిడర్ సరిచేసుకుంటుంటే వాళ్ళకి పనికొస్తాయి, వచ్చి తీసుకెళ్ళవచ్చు. వచ్చేటప్పుడు మీ బండి హబ్బు కొలతలు రాసుకుని రండి.